సెకండ్ హ్యాండ్ హోండా సిటీ: హైదరాబాద్‌లో కొనేముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

హోండా సిటీ పేరెత్తితే వాడినవాళ్లు మూడు సంగతులు చెప్తారు. లోపల జాగా, ఇంజన్ పికప్, వెనక సీటు సుఖం. మూడూ నిజమే, కానీ షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజుకి నిజం. ఎనిమిదేళ్లు మెహిదీపట్నం ట్రాఫిక్‌లో నలిగి, ఏప్రిల్ ఎండల్లో ఆరుబయట ఎండి, వానాకాలం గుంతల్లో పడి లేచిన కారులో ఆ మూడూ ఎంత మిగిలాయో తేల్చుకోవడమే మీ పని. బజారులో ధర కట్టేది ఏడాది, వేరియంట్, కిలోమీటర్లు చూసి. ఒకే ఏడాది, ఒకే వేరియంట్ కార్లు రెండు పక్కపక్కన పెడితే తేడా అంతా సస్పెన్షన్ బుష్‌లలో, గేర్‌బాక్స్ ఆయిల్‌లో, కాళ్ల కింద కార్పెట్ అడుగున కనిపిస్తుంది. ఈ కొలతలూ పరీక్షలూ సిటీకి చెప్పినవే అయినా, చూసే పద్ధతి ఏ సెడాన్‌కైనా పనికొస్తుంది.

ముందు ఏ తరం కారో తేల్చుకోండి

సిటీ మన దేశంలోకి 1998లో వచ్చింది. ఇప్పుడు అమ్మకానికి దొరికేవి ఎక్కువగా మూడు తరాలవి: 2008 చివర్లో వచ్చిన మూడో తరం, 2014 జనవరిలో వచ్చిన నాలుగోది, 2020 జులైలో వచ్చిన ఐదోది. నాలుగో తరానికి 2017లో, ఐదో తరానికి 2023లో మెరుగులు దిద్దారు.

మూడో తరం కారు ఎంత చక్కగా ఉన్నా, చాలా వాటికి 15 ఏళ్లు నిండాయి లేదా నిండబోతున్నాయి. ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఆ కాలపు కార్లకు టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ (లోపమున్న భాగాన్ని కంపెనీయే పిలిచి మార్చడం) కూడా ఉంది. ఇన్‌ఫ్లేటర్ (ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించే భాగం) మార్చారో లేదో ఛాసిస్ నెంబరుతో హోండా వెబ్‌సైట్‌లో గానీ సర్వీస్ సెంటర్‌లో గానీ చూసుకోకుండా ఆ కారు తోలొద్దు. పాత ఇన్‌ఫ్లేటర్ పేలితే ఇనప ముక్కలు ముఖం మీదికి వస్తాయి.

బడ్జెట్ మధ్యరకంగా ఉన్నవాళ్లకు నాలుగో తరమే సరైన ఎంపిక. పెట్రోల్ ఇంజన్ 1,497 సీసీ, శక్తి 119 పీఎస్, టార్క్ (లాగే బలం) 145 ఎన్‌ఎం. మాన్యువల్ అయితే ఐదు గేర్లు, ఆటోమేటిక్ అయితే సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే గేర్‌బాక్స్). ఐదో తరంలో ఇంజన్ 1,498 సీసీ, రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, 121 పీఎస్, టార్క్ అంతే. మాన్యువల్‌కి ఆరు గేర్లు వచ్చాయి. కాగితం మీద రెండు పీఎస్ తేడాయే గానీ ఐదో తరం ఇంజన్ కాస్త ముందే అందుకుంటుంది, క్యాబిన్‌లోకి శబ్దం కూడా తక్కువ వస్తుంది.

రెండు తరాలకూ వీల్‌బేస్ 2,600 మి.మీ.లే. బాడీ మాత్రం పెరిగింది. 2014 కారు పొడవు 4,440, వెడల్పు 1,695 మి.మీ.; 2020 కారు పొడవు 4,549, వెడల్పు 1,748. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య పార్కింగ్ ఉన్నవాళ్లకు ఈ ఐదు సెంటీమీటర్ల వెడల్పు చిన్న విషయం కాదు. కారు చూడ్డానికి వెళ్లే ముందే టేపు పట్టి మీ స్లాట్ కొలుచుకోండి. వెడల్పు లెక్కలో అద్దాలు కలవవు. డ్రైవర్ డోర్ తీసి మనిషి దిగాలంటే కనీసం అర మీటరు ఖాళీ కావాలి. సెల్లార్ ర్యాంప్ కింద మలుపు ఇరుకైతే పొడవూ లెక్కలోకి వస్తుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ.; ర్యాంప్ పైఅంచున నలుగురు ఎక్కిన కారుకి అడుగు తగులుతుందేమో కొనకముందే తెలిస్తే మంచిది.

డీజిల్ సిటీ 2023 తొలినాళ్లతో ఆగిపోయింది. 100 పీఎస్, 200 ఎన్‌ఎం ఇచ్చే ఆ ఇంజన్ విజయవాడ, బెంగళూరు హైవేల మీద తిరిగేవాళ్లకు బాగుంటుంది. నాలుగో తరంలో శబ్దం ఎక్కువ. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్‌లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. రోజూ అమీర్‌పేట నుంచి సికింద్రాబాద్ దాకా మాత్రమే తిరిగే కారులో అది సరిగా వేడెక్కదు, మసి కాలదు, లైటు వెలుగుతుంది. అలాంటి వాడకం మీదైతే డీజిల్ వద్దు.

2022లో వచ్చిన హైబ్రిడ్ వేరే లెక్క. ఊళ్లో ట్రాఫిక్‌లో దాని మైలేజీకి పెట్రోల్ కారు దగ్గరికి కూడా రాలేదు. అయితే బ్యాటరీ డిక్కీలో కూర్చోవడంతో మామూలు కారులో 506 లీటర్లు ఉండే జాగా 306కి పడిపోయింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి కుటుంబమంతా పెద్ద సూట్‌కేసులతో వెళ్లేవాళ్లు సూట్‌కేసు పెట్టి చూసుకోవాల్సిందే. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ.; ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తీసుకోండి.

పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ చల్లగా ఉండాలి

అమ్మేవారికి ముందురోజే చెప్పండి: "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి." వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు రండి. వేడెక్కిన ఇంజన్ దాచిపెట్టే జబ్బులు చల్లటి ఇంజన్‌లోనే బయటపడతాయి.

స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్, ఆయిల్ మూత చూడండి. ఆయిల్ నల్లబడటం మామూలే. మూత కింద పాలమీగడలాంటి తెట్టు మందంగా కడితే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి. కూలంట్ నీలంగా ఉండాలి, హోండా వేసేది నీలం రంగుదే. పచ్చగానో, తుప్పు రంగులోనో, ఒట్టి నీళ్లలానో ఉంటే ఎవరో బయట షెడ్డులో నింపారు. ఎందుకు నింపాల్సి వచ్చిందో అడగండి. సాధారణంగా రేడియేటర్ లీకో, హోస్ పగలడమో కారణం.

ఇప్పుడు స్టార్ట్. ఒకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. చలికాలం పొద్దున తెల్లటి ఆవిరి వచ్చి పోతే పర్వాలేదు. నీలం పొగ మొదట్లో వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్, యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. రెండోది ఇంజన్ విప్పే పని కాబట్టి ఆ కారు వదిలేయండి.

బానెట్ కింద సన్నగా "టిక్ టిక్" వినిపిస్తే కంగారు పడనక్కర్లేదు. హోండా పెట్రోల్ ఇంజన్లలో వాల్వ్ క్లియరెన్స్ దానంతటదే సర్దుకోదు, మెకానిక్ ఫీలర్ గేజ్ పెట్టి సెట్ చేయాలి. 40 వేల కి.మీ.లకోసారి చూడాల్సిన ఈ పనిని చాలామంది వదిలేస్తారు. సెట్ చేయించాక శబ్దం పోతుంది. వాల్వ్‌లు బిగుసుకుపోతే మాత్రం శబ్దమే రాదు, పికప్ తగ్గి వాల్వ్ అంచులు కాలతాయి. సీఎన్‌జీ కిట్ తగిలించిన కారులో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే శబ్దం లేకపోయినా లక్ష దాటిన కారుకి ఎప్పుడు సెట్ చేయించారో అడగండి.

బ్యాటరీ చూసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఇంజన్ ఆపి మల్టీమీటర్ పెడితే 12.4 నుంచి 12.6 వోల్టులు రావాలి. స్టార్ట్ చేశాక 14 దాకా వస్తుందనుకుంటాం. హోండాలో ఆల్టర్నేటర్ రెండు రకాలుగా పనిచేస్తుంది, కరెంటు అవసరం తక్కువున్నప్పుడు పన్నెండున్నర దగ్గరే ఉండిపోతుంది. దాన్ని చూసి ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేస్తే పొరపాటే. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ వేసి మళ్లీ కొలవండి. అప్పుడూ 13.5 దాటకపోతే అనుమానించండి.

ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే పరికరం) ఒకటి వెంట తీసుకెళ్లండి, చవకదైనా చాలు. పోర్ట్ స్టీరింగ్ కింద ఉంటుంది. ఎర్రర్ కోడ్‌లు లేవని తృప్తిపడకుండా కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపే "రెడీనెస్" పేజీ తెరవండి. చాలా అంశాల్లో "నాట్ రెడీ" కనిపిస్తే, మీరు వచ్చే ముందే ఎవరో కోడ్‌లు తుడిచేశారు లేదా బ్యాటరీ తీసి పెట్టారు. ఏ కోడ్ తుడిచారో అడిగే హక్కు మీకుంది.

నీళ్లలో మునిగిన కారా?

2020 అక్టోబరులో కురిసిన వానకు టోలిచౌకి నదీమ్ కాలనీ, హయత్‌నగర్ వైపు కాలనీల్లో కార్లు సీట్లదాకా మునిగాయి. వాటిలో బాగుచేసి అమ్మినవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ తర్వాత కూడా ప్రతి వానాకాలం సెల్లార్లు నిండుతున్నాయి. మునిగిన కారు బాగా కడిగితే మెరుస్తుంది, ఆరు నెలల తర్వాత వైరింగ్ కనెక్టర్లు పచ్చబడి ఒక్కోటీ చచ్చిపోతాయి. దీని మీద బేరం ఆడొద్దు, వదిలేయండి.

ఎలా పట్టుకోవాలంటే: సీట్ బెల్టుని చివరిదాకా లాగండి, కడగడం మరిచిపోయే చోటు అదే, అడ్డంగా బురద గీత ఉంటుంది. సీటు ముందుకి జరిపి పట్టాల బోల్టులు చూడండి, తుప్పు ఉండకూడదు. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింది స్పాంజి నొక్కి వాసన చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత మూలలు వేలితో తడమండి. డాష్‌బోర్డ్ కింద టార్చి వేసి ఇనుప పట్టీల మీద మట్టి మరకలు వెతకండి. సీట్లు, కార్పెట్ మాత్రం కొత్తవై మిగతా లోపలి భాగాలు పాతగా ఉంటే కారణం అడగాలి.

సన్‌రూఫ్ ఉన్న కారులో తడి మరోలా కూడా రావచ్చు. నాలుగు మూలల్లోని నీటి గొట్టాలు ఆకులు, దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు పైకప్పు గుడ్డలోకి దిగి కార్పెట్ తడుస్తుంది. సన్‌రూఫ్ తెరిచి మూలలో చిన్న గ్లాసెడు నీళ్లు పోయండి, చక్రాల దగ్గర కింద కారాలి. కారితే గొట్టం బాగున్నట్టే.

ఇన్సూరెన్స్ కాగితం చాలా చెప్తుంది. క్లెయిమ్ లేని ఏళ్లు పెరిగేకొద్దీ నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే ఓనరు ఆరేళ్లుగా నడుపుతున్న కారు పాలసీలో బోనస్ సున్నా లేదా 20 ఉంటే ఈమధ్యే క్లెయిమ్ పడిందన్నమాట. ఓనరు మారితే బోనస్ మొదటికి వస్తుంది కాబట్టి ఆర్‌సీలో ఓనర్ల సంఖ్యతో కలిపి చదవండి.

బాడీ, రంగు

పెయింట్ గేజ్ దొరికితే రూఫ్ మీద మొదలుపెట్టండి, రూఫ్‌కి పెయింట్ వేయించడం అరుదు. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక డోర్ 250 చూపిస్తే మళ్లీ రంగు వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. డోర్‌కి గీతపడి రంగు వేయించడం హైదరాబాద్ ట్రాఫిక్‌లో మామూలే, దానికి కారు వదులుకోవద్దు. పిల్లర్లు, బానెట్ కింద ఏప్రన్ (చక్రాల పైనుండే లోపలి రేకు), రేడియేటర్ ముందుండే అడ్డపట్టీ, డిక్కీ ఫ్లోర్ మీద టింకరింగ్ జాడ కనిపిస్తే మాత్రం వద్దు. ఫెండర్ బోల్టుల తలల మీద పానా గీతలున్నా, రెండు హెడ్‌లైట్లలో ఒకటే కొత్తగా మెరుస్తున్నా, ఒక అద్దం మీద తేదీ గుర్తు మిగతావాటికంటే వేరుగా ఉన్నా ఆ వైపు ఇంకాస్త వెతకండి.

2023 తర్వాతి చాలా కార్లలో ముందు అద్దం వెనక ఏడీఏఎస్ (డ్రైవర్‌కి సాయపడే భద్రతా వ్యవస్థ) కెమెరా ఉంటుంది. అద్దం మార్చి కెమెరా కాలిబ్రేషన్ చేయించకపోతే లేన్ గీతలు తప్పుగా చదువుతుంది. అద్దం మార్చినట్టుంటే కాలిబ్రేషన్ బిల్లు అడగండి. ఐదో తరం పై వేరియంట్లలో ఎడమ అద్దం కింద, ఆ పక్క రోడ్డుని స్క్రీన్ మీద చూపే లేన్‌వాచ్ కెమెరా ఉంటుంది. ఆటోలు ఆ అద్దాన్ని తాకుతూనే ఉంటాయి, ఎడమ ఇండికేటర్ వేసి స్క్రీన్ మీద బొమ్మ వస్తుందో లేదో చూడండి.

టెస్ట్ డ్రైవ్: నాలుగు రకాల రోడ్లు

కాలనీ చుట్టూ ఒక రౌండ్ తిరిగొస్తే ఏమీ తెలియదు. కనీసం ముప్పావుగంట కావాలి, వెనక సీట్లో కూర్చుని వినేందుకు ఒక మనిషి కావాలి. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, రోడ్ నెంబర్ 45, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదుగా గచ్చిబౌలి వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నార్సింగి దగ్గర దిగి సర్వీస్ రోడ్డున వెనక్కి వస్తే కావలసినవన్నీ ఈ దారిలోనే దొరుకుతాయి.

మొదట పాడైన రోడ్డు. అద్దాలు మూసి, ఏసీ, ఫ్యాన్, పాటలు అన్నీ ఆపి, 20 కి.మీ. వేగంతో గతుకుల మీద పోనివ్వండి. చిన్న గతుకులకే సన్నగా "టకటక" వస్తే స్టెబిలైజర్ లింక్ రాడ్లు. చవక పని, మార్చుకోవచ్చు. గుంతలో పడ్డప్పుడు "ధబ్" మని బరువైన చప్పుడొస్తే స్ట్రట్ మౌంట్ లేదా షాక్ అబ్జార్బర్. స్పీడ్ బ్రేకర్ దిగాక కారు రెండు మూడుసార్లు ఊగితే షాకులు అయిపోయాయి. బాగున్నవి ఒక్క ఊపుతో నిలబెడతాయి. బ్రేక్ వేసినప్పుడు ముందు నుంచి "టక్" మంటే లోయర్ ఆర్మ్ బుష్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే "కటకట" మంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. ఈ చప్పుళ్లు ఒక్కోదానికీ ధర తగ్గించుకోవచ్చు, అన్నీ కలిసి ఒకే కారులో ఉంటే ఆ కారుని ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

తర్వాత ట్రాఫిక్. సీవీటీ కారైతే ఇక్కడే జాగ్రత్తగా గమనించండి. బ్రేక్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి. కారు జర్కు లేకుండా పాకాలి. 20 నుంచి 60 కి.మీ. మధ్య నెమ్మదిగా వేగం పెంచుతుంటే గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నటి వణుకు వస్తే ఆయిల్ పాతబడింది, లేదా టార్క్ కన్వర్టర్ లాకప్ దెబ్బతింది. ఆయిల్ మార్చితే పోవచ్చు, పోకపోవచ్చు. ఆ అనుమానం ఖర్చు అమ్మేవారి మీదే వేయండి. వేగంతోపాటు సన్నగా కూత పెరుగుతుంటే గేర్‌బాక్స్ బేరింగ్, అది వద్దు. యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు ఆర్‌పీఎం ముందు ఎగిరి, కారు కాస్త ఆలస్యంగా అందుకోవడం మాత్రం సీవీటీ స్వభావం, జబ్బు కాదు. మెల్లగా నొక్కేవారికి ఈ గేర్‌బాక్స్ ఎంతో హాయినిస్తుంది. గబుక్కున ఓవర్‌టేక్ చేసే అలవాటున్నవారు మాన్యువల్ తీసుకుంటేనే సుఖపడతారు.

మాన్యువల్‌లో క్లచ్ చూడాలంటే 35 కి.మీ. వేగంలో నాలుగో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ అరిగింది. రెండో గేరు పడేటప్పుడు గరగర ఉంటే సింక్రో రింగ్. పెడల్ చివరిదాకా వచ్చాకే కారు కదులుతుంటే క్లచ్ దగ్గర పడింది, సెట్ ధర తగ్గించుకోండి.

ఎత్తెక్కే రోడ్డు ఈ ఇంజన్ గుణం చూపిస్తుంది. దీని టార్క్ పైన ఉంటుంది, నాలుగు వేల ఆర్‌పీఎం దాటాకే అసలు లాగుడు. ఏసీ వేసి నలుగురిని ఎక్కించి రెండో గేరులో రెండు వేల ఆర్‌పీఎంతో ఎత్తెక్కిస్తే నీరసంగా అనిపించడం సహజం. నాలుగు వేలు దాటించి చూడండి. అక్కడా ముందుకి దూకకపోతే ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంప్ వరుసగా చూడాలి. ఫ్యూయల్ పంప్ మీద హోండా 2020, 2021, 2024లో రీకాల్‌లు ప్రకటించింది. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉన్నందునే అవి. పంప్ ఉచితంగా మారుస్తారు కాబట్టి ఛాసిస్ నెంబరుతో చూసుకోండి.

చివరగా ఔటర్. వంద దగ్గర స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్, సీటు వణికితే వెనక చక్రాలు. వెనక చూసుకుని, లేన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎనభై నుంచి గట్టిగా బ్రేక్ వేయండి. స్టీరింగ్ ఊగితే డిస్క్ వంకరపోయింది. వేగంతో పెరిగే "ఊ" అనే హోరు మలుపులో తగ్గినా పెరిగినా వీల్ బేరింగ్. మలుపులో మారకుండా ఒకేలా ఉంటే టైరు శబ్దం.

టైర్లే సగం సుఖం

సిటీ కారులో కూర్చున్నవారి ఫిర్యాదు ఎక్కువగా టైరు హోరు, గుంతల దెబ్బ గురించే. 2014 కారుకి కంపెనీ ఇచ్చిన సైజు 175/65 ఆర్15. 2017 తర్వాత పై వేరియంట్లకు 185/55 ఆర్16 వచ్చింది. చక్రం మొత్తం ఎత్తు దాదాపు సమానమే, కానీ టైరు పక్కగోడ 114 మి.మీ. నుంచి 102కి తగ్గింది. ఆ 12 మి.మీ. రబ్బరే గుంతలో రిమ్‌ని కాపాడేది. అందంగా కనిపించేది 16 అంగుళాల చక్రమే. రోజూ పాడైన రోడ్డు మీద తిరిగేవారికి 15 అంగుళాలదే మేలు, రిమ్‌లు వంగవు, టైర్లు చవక. అల్లాయ్ రిమ్ లోపలి అంచు చుట్టూ చెయ్యి తిప్పి సొట్టలున్నాయేమో చూడండి.

175/65 బదులు 185/65 ఆర్15 వేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. పట్టు పెరుగుతుంది, కారు ఆరున్నర మి.మీ. లేస్తుంది. అయితే చక్రం 2 శాతం పెద్దదవుతుంది కాబట్టి మీటర్ 100 చూపిస్తే నిజానికి 102లో ఉంటారు, మైలేజీ లెక్కా కాస్త తప్పుతుంది. అంతకంటే పెద్ద సైజు వద్దు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చదవండి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. ఈ ఎండకి ఆరేళ్లు దాటిన టైరు గాడులున్నా పనికిరాదు. నాలుగూ మార్చాలంటే పాతిక వేల పైమాటే, బేరంలో కలుపుకోండి.

వెనక టైర్లు రెండూ ఒకేలా అరగకుండా ఒకటి మాత్రం లోపలి అంచున అరిగితే ఆగండి. సిటీ వెనక సస్పెన్షన్ టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే దూలం); దాని కోణాలు అలైన్‌మెంట్‌లో సర్దడం కుదరదు. అంటే దెబ్బ తగిలి బీమ్ వంగి ఉండొచ్చు. అలైన్‌మెంట్ షాపులో వెనక చక్రాల రీడింగ్ ప్రింట్ తీయించుకోండి.

ఏసీ, వెనక సీటు

ఏసీని మధ్యాహ్నం ఎండలోనే పరీక్షించండి. రీసర్క్యులేషన్ పెట్టి, పది నిమిషాలు నడిపి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టండి. బయట నలభై ఉన్నప్పుడు 8 నుంచి 12 డిగ్రీలు వస్తే బాగున్నట్టు. నడుస్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తే కండెన్సర్ మురికి లేదా రేడియేటర్ ఫ్యాన్ బలహీనం. గాలే తక్కువొస్తే ముందు గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. గ్యాస్ నింపమనే ముందు లీక్ ఎక్కడో కనిపెట్టమనండి, ఊరికే తగ్గదు అది. నాలుగో తరం పై వేరియంట్లలో ఏసీకి టచ్ ప్యానెల్ ఉంటుంది. ప్రతి బటన్ నొక్కి చూడాలి. ఐదో తరంలో మళ్లీ తిప్పే నాబ్‌లు వచ్చాయి, నడుపుతూ చూడకుండా వాడొచ్చు.

వెనక సీటులో మీ ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని కూర్చోబెట్టండి. మోకాళ్ల జాగా దండిగా ఉంటుంది, పైకప్పు వెనక్కి వాలడంతో తల దగ్గరే ఇబ్బంది రావచ్చు. సీటు కిందికి ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగి చూడాలి. ముగ్గురు పెద్దవాళ్లు వరంగల్ దాకా వెనక కూర్చోగలరు గానీ మధ్యలో కూర్చున్నవారికి సుఖం ఉండదు.

లిఫ్ట్ మీద, కాగితాల మీద

మీ మెకానిక్ షెడ్డులో ఇరవై నిమిషాలు లిఫ్ట్ ఎక్కించండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతుందా, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగాయా, షాకులు తడిగా ఉన్నాయా, అడుగున గీతలు ఎంత లోతు, ఇంజన్ కింది ప్లాస్టిక్ కవర్ ఉందా. అంతే.

నెంబర్ ప్లేటు చూసి తొందరపడొద్దు. 2014 జూన్‌కి ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన కార్లకు ఏపీ 09, ఏపీ 28 లాంటివి ఉంటాయి, అవి ఇక్కడి బండ్లే. 2024 మార్చి దాకా టీఎస్, ఆ తర్వాత టీజీ. ఏపీ 39 మాత్రం ఆంధ్రప్రదేశ్‌ది. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి కాబట్టి చవగ్గా కనిపించే ధరలో అది కలిపి లెక్కేయండి. ఓనరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ ఉంటే దాన్ని ఆర్‌సీలోంచి తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పెండింగ్ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూసి అమ్మేవారితోనే కట్టించండి. సర్వీస్ సెంటర్ ఇచ్చే హిస్టరీలో ప్రతి విజిట్‌లోనూ కిలోమీటర్లు రాసి ఉంటాయి. మీటర్ వెనక్కి తిప్పారేమో అక్కడే బయటపడుతుంది.

కొన్న మొదటి నెలలో

ఎవరేమి చెప్పినా ఆయిల్‌లన్నీ మార్చేయండి. పెట్రోల్ ఇంజన్‌కి 0డబ్ల్యూ-20, ఫిల్టర్‌తో కలిపి మూడున్నర లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. కొలిచి పోసి డిప్‌స్టిక్ చూసి ఆపండి. డ్రెయిన్ బోల్ట్ వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి, బోల్ట్ 40 ఎన్‌ఎం దగ్గర బిగించాలి. వాషర్ పాతదే వేసి బలంగా బిగించడం వల్లే సంప్ మర పోతుంది.

సీవీటీకి హోండా హెచ్‌సీఎఫ్-2 ఆయిలే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి బెల్టు జారి అరిగిపోతుంది, అది గేర్‌బాక్స్ చావే. ఒకసారి డ్రెయిన్ చేస్తే మూడు నుంచి మూడున్నర లీటర్లే బయటికొస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఆయిల్ నల్లగా వస్తే వెయ్యి కి.మీ. తిప్పి మరోసారి మార్చండి. తర్వాత 40 వేలకోసారి చాలు. మెషీన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తామంటే ఒప్పుకోవద్దు.

బ్రేక్ ఆయిల్, కూలంట్, క్యాబిన్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చండి. ప్లగ్‌లు ఇరిడియంవి, లక్ష కి.మీ. దాకా వస్తాయి, కొనేటప్పుడు నకిలీవి కాకుండా చూసుకోండి. విడి భాగాలకు రాణిగంజ్ షాపుల్లో ధర తక్కువే గానీ లోయర్ ఆర్మ్, స్ట్రట్ మౌంట్, ఇంజన్ మౌంట్ లాంటివి కంపెనీవే వేయించండి. చవక రబ్బరు ఒక్క వేసవికే పగుళ్లు తేలుతుంది. చక్రాల నట్లు 108 ఎన్‌ఎం. గన్‌తో బిగించాక చేత్తో టార్క్ రెంచ్ వేయించండి. టైరు గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ పక్కనున్న స్టిక్కర్ చెప్తుంది, నలుగురు ఎక్కేటప్పుడు దానిలో ఫుల్ లోడ్ లెక్క చూడండి.

ఇన్సూరెన్స్‌ని 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి, లేకపోతే సొంత డ్యామేజీ క్లెయిమ్ తిరస్కరిస్తారు. ముందు అద్దం మీదున్న పాత ఫాస్టాగ్‌ని పాత ఓనరు చేత క్లోజ్ చేయించి, మీ ఆర్‌సీతో కొత్తది తీసుకున్నాకే ఔటర్ ఎక్కండి.